తాతయ్య మందలోని ఆఖరి గుడ్లు

మొన్న మాధవి మా ఇంటికి వచ్చింది. నాన్న పోయారన్న సంగతి ఆలస్యంగా తెలిసిందట. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్ల. వాళ్ల నాన్నగారు మా నాన్న గుమాస్తాగా పనిచేసిన ఆఫీసులోనే పెద్ద ఆఫీసరు. ముప్పై ఏళ్ల తర్వాత చూసినా నవ్వు అలాగే ఉంది. అమ్మ పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, నాన్న జబ్బు గురించి కాసేపు అడిగి, ఉన్నట్టుండి, "ఆంటీ, గౌలిపురా ఇంట్లో మీకు బాతులుండేవి కదా. గుడ్లు డబ్బాలో పెట్టి మీరే పిల్లల్ని చేయించారు," అంది. అమ్మ తల ఊపింది. నేను కాఫీ కలపడానికని వంటింట్లోకి వెళ్లిపోయాను. కాఫీ ఎవరూ అడగలేదు.

పాతబస్తీలో గడిచిన చిన్నతనం గురించి నేను చాలాసార్లు రాశాను. ఆ సందుల గురించి, గాజుల దుకాణాల గురించి, మా బడి గురించి రాశాను. బాతుల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ పక్కనుంచి దాటుకుంటూ పోయాను. ఇప్పుడు దాటలేను.

గౌలిపురాలో మణెమ్మత్త ఇంట్లో రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. మధ్యలో బండలు పరిచిన వాకిలి, ఒక మూల నీళ్లకు సిమెంటు తొట్టి. దాన్ని హౌజు అనేవాళ్లు. గోడలకు ఎప్పుడూ తడిసిన సున్నం వాసన. పొద్దున్నే మణెమ్మత్త సాంబ్రాణి వేసేది, ఆ వెంటనే పక్కింట్లోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన గోడ దాటి వచ్చేది. నాన్న ఆరింటికల్లా స్నానం చేసి, తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవారు. భోజనానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, మళ్లీ కడుక్కునేవారు. శుభ్రం ఎక్కువనుకునేదాన్ని. మా ఊరి గురించి ఎవరైనా అడిగితే "కొల్లేటి పక్క" అని చెప్పి ఇంకో మాటలోకి దిగేవారు. సెలవులకు మేం అక్కడికి వెళ్లింది చాలా తక్కువ. వెళ్లినా రెండో రోజే బయల్దేరదీసేవారు.

అమ్మ నాన్నకు మేనమామ కూతురు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే నాన్న ఆ మేనమామ ఇంట్లోనే పెరిగారు. అందుకే పెళ్లయి నాకు పన్నెండేళ్లు వచ్చినా అమ్మ ఆయన్ని "బావా" అనే పిలిచేది. పొయ్యి దగ్గరి నుంచి "బావా, నీళ్లు కాగాయి" అని కేకేస్తే ఆ పిలుపు వీధిదాకా వినపడేది. ఆ మేనమామే మా తాతయ్య. ఆయనకు బాతుల మంద ఉండేదని, కోతలయ్యాక పొలాల వెంట మేపుకుంటూ ఊళ్లు తిరిగేవారని నాకు లీలగా తెలుసు. నాన్నకు దాంతో సంబంధం ఉందని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

తాతయ్య పోయిన నెలకు మామయ్య మా ఇంటికొచ్చాడు. చేతిలో వెదురు గంప, దాని నిండా ఊక, ఊకలో పన్నెండు బాతుగుడ్లు. మందకు తెగులు తగిలి ముప్పాతిక చచ్చిపోయాయట. మిగిలినవాటిని అమ్మేసి, తను చేపల చెరువు కాపలాకు కుదిరాడు.

"ఇవే ఆఖరివక్కా. నీకు బాతుగుడ్ల కూరంటే ఇష్టం కదా, వండుకుంటావని తెచ్చాను," అన్నాడు.

అమ్మ ఒక గుడ్డు తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఎన్నాళ్లవి?" అంది.

"నాలుగు రోజులు."

"అయితే వండను," అంది అమ్మ. "పొదిగిస్తాను. నాన్న మందలో ఇంకేమీ మిగల్లేదు."

నాన్న అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నారు. "రత్నం, మనం ఎక్కడున్నామో చూసే మాట్లాడుతున్నావా? ఇక్కడ పొదిగే కోడి ఎక్కడుంది?" అన్నారు. అమ్మ వంగి గంపను తన ముందుకు లాక్కుంది. గుడ్లను సన్నమొన కిందికి వచ్చేలా గంపలో సర్ది, ప్రయాణంలో కుదుపులు తిన్నాయి కాబట్టి ఒక రోజు కదపకూడదని గంపను మంచం కింద పెట్టింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని సందు మొదట్లో ఉండే రహీం భాయ్ దగ్గరికి వెళ్లింది.

రహీం భాయ్ రేడియోలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసేవాడు. అమ్మ చెప్పింది విని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "ఫికర్ నక్కో బహెన్. రెండు బుగ్గలు పెడ్త. ఒకటి పోయినా ఇంకోటి ఉంటది," అన్నాడు. అక్కడ బల్బును బుగ్గ అంటారు. మందుల దుకాణంలో పారేసిన థర్మకోల్ పెట్టె తెచ్చి, లోపల రెండు బల్బులు బిగించి, వెలుతురు తగ్గించి పెంచడానికి పాత ఫ్యాను రెగ్యులేటరు తగిలించాడు. మూతలో చిన్న గాజుపలక అమర్చాడు. పక్కల గాలికి చిల్లులు పొడిచి, వేడి తగ్గితే మూయడానికి వాటికి సుద్దముక్కలు బిరడాలుగా ఇచ్చాడు. లోపల ఒక గిన్నెలో నీళ్లు. వేడి చూడటానికి జ్వరం కొలిచే థర్మామీటరే. చూసిన ప్రతిసారీ దాన్ని విదిలించి మళ్లీ పెట్టాలి. అమ్మ దాన్ని అంతగా నమ్మేది కాదు. గుడ్డు తీసి మూసిన కనురెప్పకు ఆనించుకుని, "కొంచెం తగ్గించు," అనేది. థర్మామీటరు కూడా తర్వాత అదే మాట చెప్పేది.

ఇరవై ఎనిమిది రోజులు. ఆ రోజుల్లో మా ఇల్లంతా ఆ పెట్టె చుట్టూనే తిరిగింది. గుడ్లకు ఒక వైపు సున్నా, ఇంకో వైపు ఇంటూ గుర్తు పెట్టాం. నేను బడికి పోయే ముందు ఒకసారి, రాగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి తిప్పేదాన్ని. వారం దాటాక రోజూ కాసేపు మూత తీసి, చేత్తో నీళ్లు చిలకరించాలి. కోడి గుడ్లకు ఇంత తడి అక్కర్లేదని, బాతు నీళ్లలోంచి లేచి వచ్చి తడి పొట్టతో కూర్చుంటుంది కాబట్టి వీటికి కావాలని అమ్మ చెప్పింది. కరెంటు పోతే గాజుసీసాల్లో వేణ్నీళ్లు పోసి, తువ్వాలు చుట్టి గుడ్ల పక్కన పడుకోబెట్టేది. గదిలో వెచ్చని మట్టి వాసనలాంటిదొకటి పట్టుకుంది. మణెమ్మత్త గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏంది రత్నమ్మా, పట్టపగలు బుగ్గ ఎలగబెట్టి ఆ డబ్బల ఏం దాస్తున్నవ్?" అంది. అమ్మ చెప్పాక లోపలికొచ్చి, పెట్టె ముందు కూర్చుని గాజుపలకలోంచి చూసింది. "పిల్లలైనంక ముందుగాల నాకే సూపియ్యాలె," అని మాట తీసుకుని వెళ్లింది.

ఎనిమిదో రోజు సాయంత్రం గుడ్లలో ప్రాణముందో లేదో చూడాలని అమ్మా నేనూ స్నానాల గదిలో తలుపేసుకుని టార్చిలైటుతో తంటాలు పడుతున్నాం. వెలుతురు చెదిరిపోయి ఏమీ కనపడటంలేదు. నాన్న తలుపు తీసి, "అలా కాదు," అన్నారు. పాత క్యాలెండరు కాగితాన్ని గొట్టంలా చుట్టి టార్చికి తొడిగారు. ఇస్త్రీ ప్యాంటుతోనే తడి నేల మీద కూర్చుని, గుడ్డును మూడు వేళ్లతో పట్టుకుని వెలుతురు మీద పెట్టారు. గుడ్డు లోపలంతా ఎర్రగా వెలిగింది. మధ్యలో ఒక నల్లచుక్క, దాని చుట్టూ సన్నని నరాలు.

"చూశావా, సాలెపురుగు కాళ్లు చాపినట్టు. ఇది బతుకుతుంది," అన్నారు. ఒక్కొక్కటే తిప్పి చూస్తూ మూడింట్లో ఏమీ లేదని, ఒకటి మధ్యలో ఆగిపోయిందని చెప్పి పక్కన పెట్టారు. చేతులు ఎంత సులువుగా కదిలాయంటే నేను గుడ్లను వదిలేసి ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

"నీకెలా తెలుసు నాన్నా?"

అమ్మ నవ్వింది. "మీ నాన్నకు తెలియకపోవడమేంటి? నడక నేర్చుకున్నదే బాతుల వెనక. హాస్టల్లో చేరేదాకా మంద కాసింది ఆయనేగా."

నాన్న కోప్పడలేదు. టార్చి ఆర్పేసి, "ఆ మాట గుమ్మం బయట అనకండి," అని మాత్రం అన్నారు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని వాసన చూసుకున్నారు. ఆ అలవాటు ఎక్కడిదో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ రోజు నుంచి నాన్న ఆఫీసు నుంచి రాగానే ముందు పెట్టె దగ్గరికి వెళ్లేవారు. ఇరవై అయిదో రోజున ఇక తిప్పకూడదని ఆయనే చెప్పారు. ఇరవై ఏడో రోజున ఒక పెంకు మీద చిన్న పగులు కనపడింది. ఆదివారం మధ్యాహ్నం మణెమ్మత్త, రహీం భాయ్, మేం ముగ్గురం పెట్టె చుట్టూ చేరాం. మొదటిది తడిసి ముద్దగా బయటికి వచ్చి బోర్లా పడి ఊపిరి పీల్చింది. సాయంత్రానికి ఆరు వచ్చాయి. రెండు లోపలే ఉండిపోయాయి. వాటిలో ఒకటి పెంకు లోపలినుంచి అరుస్తూనే ఉంది. నేను పెంకు తీద్దామని చెయ్యి చాపితే నాన్న నా మణికట్టు పట్టుకున్నారు. "తీస్తే నెత్తురు కారి పోతుంది. దానంతటది రావాలి," అన్నారు. మర్నాటికి అరుపు ఆగిపోయింది. ఆ రెంటినీ అమ్మ వాకిట్లో తులసి మొదట్లో పాతింది.

మిగిలిన ఆరూ పెరిగాయి. నెల తిరిగేసరికి హౌజులో ఈదాయి. తాగే నీళ్లు పాడవుతాయని మణెమ్మత్త లొల్లి చేస్తుందనుకున్నాం. ఆమె తాగే నీళ్లకు వేరే డ్రమ్ము పెట్టుకుని, హౌజు బాతులకు వదిలేసింది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే తెచ్చి పోసేది. నాన్న సాయంత్రం వాకిట్లోకి వచ్చి, నాలుకను అంగిలికి తగిలించి ఒక చిత్రమైన చప్పుడు చేస్తే ఆరూ వరసకట్టి ఆయన కాళ్ల దగ్గరికి వచ్చేవి. అలా అమ్మ పిలిచినా వచ్చేవి కావు. ఆ రెండు నెలలూ మా నాన్న ఊరి పాటలు కూనిరాగం తీశారు. అవి అంతకుముందు నేను వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

అప్పుడే మాధవి ఒకరోజు లెక్కల నోటుపుస్తకం కోసం మా ఇంటికి వచ్చింది. బాతుల్ని చూసి గంతులేసింది. అమ్మ ఆనందం పట్టలేకపోయింది. గుడ్లు ఎలా పొదిగించిందీ మొదటినుంచి చెప్పి, ఆ ఊపులో, "మాది బాతులు మేపిన ఇల్లేనమ్మా. నేనూ, పద్మ వాళ్ల నాన్నా ఆ మంద వెనకే తిరిగి పెరిగాం," అనేసింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

మర్నాడు క్లాసులో మాధవి ఈ సంగతంతా సంబరంగా అందరికీ చెప్పింది. దాని మాటలో వెటకారం లేదు. కానీ వెనక బెంచీ పిల్లలు నవ్వారు. ఒకమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుని బాతులా నడిచింది. వారం రోజులు నేను క్లాసులోకి అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు "క్వాక్" అనేవారు. నా యూనిఫారం వాసన చూశారు. నేనూ చూసుకున్నాను, ఇంటి దగ్గర నాన్న వేళ్లు చూసుకున్నట్టే.

శనివారం సాయంత్రం అమ్మ వంటింట్లో ఉండగా నాన్న దగ్గరికి వెళ్లి బాతుల్ని ఇచ్చెయ్యమన్నాను. ఆయన నవ్వి, "పిల్లలు నాలుగు రోజులు నవ్వుతారు, మర్చిపోతారు," అన్నారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. అప్పుడు నోటికొచ్చింది అనేశాను.

"పిల్లలే కాదు. మాధవి వాళ్ల నాన్నగారు కూడా నవ్వారట. 'మన గుమాస్తా బాతులోడా' అని ఇంట్లో అందరి ముందూ అన్నారట. ఆఫీసులో అందరికీ చెప్పారట."

అది అబద్ధం. మాధవి అలాంటిదేదీ చెప్పలేదు. ఆ మాట నేను అక్కడికక్కడే అల్లాను. నాన్న మొహంలో నవ్వు ఎలా పోయిందో నాకు ఇప్పటికీ కనపడుతుంది. కోపం రాలేదు. చాలాకాలంగా వస్తుందనుకుంటున్నది వచ్చేసినట్టు తల ఊపారు. "మీ అమ్మతో అనకు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే అమ్మ, మణెమ్మత్త కలిసి బేగంబజార్ వెళ్లారు, బాతులకు నూకల మూట, నీళ్లకు ఒక వెడల్పాటి తొట్టి తేవడానికి. వాళ్లు వీధి మలుపు తిరగగానే నాన్న రెండు గంపలు తీశారు. వాకిట్లో నిలబడి ఆ చప్పుడు చేశారు. ఆరూ వచ్చాయి. నన్ను స్కూటరు వెనక కూర్చోమన్నారు. గంపలు నా ఒళ్లో ఒకటి, ముందు ఒకటి. కోళ్ల బజారులో ఒక వ్యాపారి గంపలోకి చేయి పెట్టి బాతును కాళ్లు పట్టి పైకి లాగబోయాడు.

"కాళ్లు పట్టకు, విరుగుతాయి," అన్నారు నాన్న. తనే మెడ కింద మెత్తగా పట్టుకుని, రెండో చేయి రెక్కల కింద ఉంచి, ఒక్కొక్కదాన్నీ ఎత్తి బోనులో దించారు. ఒక్కటీ కొట్టుకోలేదు. ఒక్కటీ అరవలేదు.

వ్యాపారి చూస్తూ నిలబడ్డాడు. "క్యా సాబ్, మీ పట్టు చూస్తే బత్తఖ్ వాలాల లెక్కనే ఉంది. మీది గదే పనా?"

"కాదు," అన్నారు నాన్న. "గవర్నమెంటు సర్వీసు."

వస్తూ దారిలో కుళాయి దగ్గర స్కూటరు ఆపి చేతులు కడుక్కున్నారు. సబ్బు లేదు. గోడ పక్కనున్న ఇసుక తీసి రుద్దుకున్నారు. నేను ఖాళీ గంపలు పట్టుకుని నిలబడ్డాను. అబద్ధమని అప్పుడే చెప్పేస్తే, వెనక్కి తిప్పి వాటిని తెచ్చుకునేవాళ్లం. చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయన చేతులు తుడుచుకుని స్కూటరు ఎక్కమన్నారు. ఎక్కాను.

అమ్మ మధ్యాహ్నం వచ్చింది. తొట్టిని వాకిట్లో దించి, బాతుల్ని పిలిచింది. రెండుసార్లు పిలిచి, హౌజు వెనక చూసి, నాన్న వైపు తిరిగింది. "ఏవి బావా?"

"ఇచ్చేశాను," అన్నారు నాన్న. "ఆ పిల్లతో నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సింది రత్నం," అన్నారు. అంతకుమించి ఆయన ఆ విషయం నా ముందు ఎప్పుడూ ఎత్తలేదు. అమ్మ తప్పు చేసినదానిలా తల దించుకుంది. మణెమ్మత్త ఒక్కతే ఊరుకోలేదు. "నోరు లేని జీవాలు. ఏం పాపం చేసినయని పట్టుకపోయినవ్ సారూ? నేనేమన్న అన్ననా?" అని నిలదీసింది. నాన్న లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. నూకల మూటను అమ్మ మణెమ్మత్తకే ఇచ్చేసింది. తొట్టిలో బట్టలు నానబెట్టడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత మా ఇంట్లో గొడవలేమీ జరగలేదు. అందుకే ఏం జరిగిందో చెప్పడం కష్టం. అమ్మ ఎవరితోనూ ఊరి గురించి మాట్లాడటం మానేసింది. "బావా" అన్న పిలుపు ఆగిపోయి, ఆఫీసర్ల భార్యల్లా "ఏమండీ" మొదలైంది. నాన్న వేరే సెక్షనుకు బదిలీ అడిగి వెళ్లారు. మాధవి వాళ్లింట్లో పెళ్లయినా పేరంటమైనా ఏదో వంక చెప్పి మానేసేవారు. తర్వాత సంతోష్‌నగర్‌లో సొంత ఫ్లాటుకు మారాం. మూడో అంతస్తు, మెరిసే టైల్సు, వాకిలి లేదు, ఎవరి వంట వాసనా ఎవరికీ రాదు. నాన్న అక్కడే రిటైరయ్యారు. సాయంత్రాలు బాల్కనీలో పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. అప్పుడు మా మధ్య చెప్పడానికి బోలెడంత తీరిక ఉంది. ఈ ఆదివారం చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. మామయ్యను ఒకసారి ఫోనులో అమ్మ అడగడం విన్నాను, మన జాతి బాతులు ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉన్నాయేమోనని. పొలాలే లేవక్కా, అన్నీ చేపల చెరువులే అన్నాడట.

మొన్న నేను కాఫీ తెచ్చేసరికి మాధవి అమ్మతో చెబుతోంది. "నాన్నగారికి అంకులంటే ఎంత ఇష్టమో ఆంటీ. బాతుల సంగతి ఆ రోజే చెప్పాను. 'అంత కష్టపడి పైకొచ్చాడా, నాకెప్పుడూ చెప్పలేదే' అన్నారు. మమ్మల్ని తీసుకుని మీ ఇంటికి రావాలనుకున్నారు. ఎన్నిసార్లు పిలిచినా అంకుల్ రాలేదని పోయేదాకా అంటూనే ఉండేవారు."

ఆమె వెళ్లాక అమ్మ కాఫీ గ్లాసులు ఒకచోట చేర్చింది. తర్వాత, "మరి మీ నాన్నకు ఎవరు చెప్పారు, ఆ ఆఫీసరు నవ్వాడని?" అంది. అంటే నాన్న ఎప్పుడో ఆ కారణం అమ్మకు చెప్పే ఉంటారు. ఎవరు చెప్పారన్నది మాత్రం దాచారు.

నేను చెప్పాను. శనివారం సాయంత్రం నుంచి కుళాయి దగ్గరి ఇసుకదాకా ఏదీ వదలకుండా చెప్పాను. అమ్మ మధ్యలో అడ్డు రాలేదు. బజారు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, "మెడ కింద పట్టుకున్నాడా?" అని అడిగింది. అవునన్నాను. కళ్లు తుడుచుకుంది.

"నీకు పన్నెండేళ్లు," అంది చివరికి. "నిన్నేమనగలను? ఇన్నాళ్లూ నా నోటి వల్లే ఆయన ఆఫీసులో తలెత్తుకోలేకపోయాడనుకున్నాను. ఆయనా అదే అనుకుని పోయాడు."

నేను ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను. అమ్మ చేయి నా జుట్టు మీద ఉంది కానీ నిమరలేదు.

"చెప్పేశావు, నీ గుండె బరువు దిగింది," అంది. "ఆ ఆఫీసరు నవ్వలేదని నేనిప్పుడు ఎవరికి చెప్పనే?"